వేడినీళ్ళలో నానితే ఒంటికి ఏం మేలు? తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఇళ్ళలో స్నానమంటే బకెట్టూ మగ్గూ. నీళ్ళు ఒంటి మీద పడి జారిపోతాయి, ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. నీళ్ళలో నానడం వేరే సంగతి. కాళ్ళో, నడుమో, ఒళ్ళంతానో ఓ పది పదిహేను నిమిషాలు వెచ్చని నీళ్ళలో ఉంచాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి బాత్‌టబ్ చూసి "ఇందులో కూర్చుంటే నిజంగా ఏమన్నా లాభమా?" అని అడిగేవాళ్ళున్నారు. కాళ్ళ నొప్పులకు బకెట్టులో ఉప్పు నీళ్ళు పెట్టుకునేవాళ్ళున్నారు. మొలలకు తొట్టిలో కూర్చోమని డాక్టరు చెప్పారు కానీ ఎలాగో చెప్పలేదు అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ప్రశ్నలే ఇవి. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో.

గోరువెచ్చన, వెచ్చన, వేడి అంటే లెక్కకు ఎంత?

మన ఒంటి లోపలి వేడి దాదాపు 37 డిగ్రీలు. చర్మం అంతకంటే మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటుంది. అందుకే 34, 35 డిగ్రీల నీళ్ళలో దిగితే చల్లగానూ అనిపించదు, వేడిగానూ అనిపించదు. 37 దగ్గర గోరువెచ్చన. 38 నుంచి 40 దాకా వెచ్చన, నానడానికి ఇదే సరైన వేడి. 41, 42 అంటే వేడినీళ్ళే, కొద్దిసేపే ఉండగలం. అది దాటితే ఒళ్ళు చుర్రుమంటుంది. గీజర్‌లో కాగిన నీళ్ళు మామూలుగా 60 డిగ్రీల పైనే ఉంటాయి. ఆ నీళ్ళు నేరుగా పడితే ఐదారు సెకన్లలో చర్మం కాలుతుంది. అమెరికాలో హాట్‌టబ్‌లకు (వేడినీళ్ళు నింపి కూర్చునే పెద్ద తొట్టెలకు) పెట్టిన గరిష్ఠ పరిమితి 104 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 40.

థర్మామీటర్ లేకుండా 40 డిగ్రీలు ఎలా తెలుస్తుంది?

మన వంటింట్లోనే దీనికి లెక్క ఉంది. తెర్లే నీళ్ళు 100 డిగ్రీలు. కుళాయి నీళ్ళు 25 డిగ్రీలుంటే, ఒక చెంబు మరిగే నీళ్ళకు నాలుగు చెంబుల చన్నీళ్ళు కలిపితే సరిగ్గా 40 వస్తుంది. చలికాలంలో కుళాయి నీళ్ళు 20కి దిగితే ఒకటికి మూడు చాలు. ఎండాకాలం 30 ఉంటే ఒకటికి ఆరు. మే నెలలో మధ్యాహ్నం పూట మేడ మీద ట్యాంకు నీళ్ళకైతే ఏమీ కలపక్కర్లేదు, అవే కాలుతుంటాయి! బకెట్టు కాస్త వేడిని లాక్కుంటుంది కాబట్టి అసలు వేడి ఒక డిగ్రీ తగ్గొచ్చు, పర్వాలేదు.

ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేడివి పోయండి. పిల్లలున్న ఇంట్లో ఈ వరస మారకూడదు. చివరికి మోచేతితోనో, మణికట్టు లోపలి వైపుతోనో చూడండి. పనులు చేసి మొద్దుబారిన అరచేతిని నమ్మొద్దు. జ్వరం చూసుకునే గాజు థర్మామీటర్ ముంచొద్దు, దాని గీతలు 42 దగ్గరే ఆగిపోతాయి.

అసలు నీళ్ళలో కూర్చుంటే ఒంట్లో ఏం జరుగుతుంది?

రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి వేడి పని, రెండోది నీటి బరువు పని.

వేడికి చర్మం కింది రక్తనాళాలు విప్పారతాయి. లోపలున్న రక్తం చర్మం వైపు వస్తుంది, ఒళ్ళు ఎర్రబడుతుంది, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. నాళాలు వెడల్పు కావడంతో రక్తపోటు దిగుతుంది. బిగుసుకున్న కండరాలు సడలుతాయి. నొప్పి కబుర్లు మోసే నరాలకు వెచ్చదనం కబురు అడ్డం పడుతుంది కాబట్టి నొప్పి తగ్గినట్టుంటుంది.

నీటి బరువు సంగతి మనం పెద్దగా పట్టించుకోం. మెడ దాకా నీళ్ళలో కూర్చుంటే నీళ్ళు కాళ్ళనూ పొట్టనూ నాలుగు వైపుల నుంచీ నొక్కుతాయి. కాళ్ళలో నిలిచిన రక్తం పైకి, ఛాతీలోకి చేరుతుంది. అలా చేరేది ముప్పావు లీటరుకు కాస్త తక్కువ. గుండెకు ఎక్కువ రక్తం అందుతుంది, ఒక్కో దెబ్బకు ఎక్కువ బయటకు తోస్తుంది. ఒంట్లో నీరు ఎక్కువైందేమో అనుకుని మెదడు మూత్రపిండాలకు కబురు పంపుతుంది. టబ్‌లో కూర్చున్న కాసేపటికి మూత్రం వచ్చేది అందుకే. సిగ్గుపడాల్సిన విషయమేమీ కాదు, లేచి వెళ్ళిరండి.

పైగా నీళ్ళు మనల్ని మోస్తాయి. నడుము దాకా నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు సగానికి తగ్గుతుంది. మెడ దాకా అయితే పదో వంతు మిగులుతుంది. 80 కిలోల మనిషి మోకాళ్ళకు అది పండగే.

మగ్గుతో పోసుకునే స్నానంలో ఈ రెండో పని జరగదు, మొదటిది కూడా సగమే జరుగుతుంది. నానడం వల్ల వచ్చే మేలంతా వెచ్చని నీళ్ళు ఒంటిని విడవకుండా అంటిపెట్టుకుని ఉండడంలోనే ఉంది.

రాత్రి నిద్ర పడుతుందంటారు, నిజమేనా?

నిజమే. నానడం గురించి చెప్పే మాటల్లో బాగా నిలబడేది ఇదే. కాకపోతే వేళ ముఖ్యం.

నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొద్దిగా దిగాలి. రాత్రి పూట అరచేతులు, అరికాళ్ళు వెచ్చబడి ఆ వేడిని బయటకు వదిలేస్తాయి. వెచ్చని నీళ్ళలో నానితే చేతుల్లో కాళ్ళలో నాళాలు విప్పారతాయి, నీళ్ళలోంచి లేచాక లోపలి వేడి తొందరగా దిగుతుంది. టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూశారు. 40 నుంచి 42.5 డిగ్రీల నీళ్ళలో, పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు పది నిమిషాలు స్నానం చేసినా చాలని, నిద్ర సగటున పది నిమిషాలు ముందే పడుతోందని తేలింది. మాత్ర లేకుండా పది నిమిషాలంటే తక్కువేం కాదు.

అయితే చాలామంది చేసే పని ఏమిటంటే, వేన్నీళ్ళ స్నానం చేసి తిన్నగా మంచమెక్కుతారు. ఒళ్ళు ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి అటూ ఇటూ దొర్లుతారు. పది గంటలకు పడుకునేవాళ్ళు ఎనిమిదిన్నరకు నానండి.

టబ్ లేకపోయినా బెంగలేదు. కాళ్ళు వెచ్చగా ఉంటే నిద్ర తొందరగా పడుతుందని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు 1999లోనే చూపించారు. పిక్కల దాకా మునిగేలా బకెట్టులో కాళ్ళు పెట్టుకున్నా ఈ దారిలోనే పని జరుగుతుంది.

మోకాళ్ళ నొప్పులు, నడుం నొప్పి తగ్గుతాయా?

నొప్పి కాసేపు తగ్గుతుంది, అరిగిన కీలు మళ్ళీ పుట్టుకురాదు. పొద్దున లేవగానే కీళ్ళు పట్టేసేవాళ్ళకు వెచ్చని నీళ్ళు మంచి ఉపశమనం. ఆ కాసేపటిని ఎలా వాడుకుంటామన్నదే అసలు విషయం. నీళ్ళలోంచి లేచి సోఫాలో కూలబడితే అరగంటలో మళ్ళీ మొదటికి వస్తుంది. కీళ్ళు సడలిన ఆ సమయంలోనే ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు చేయండి. మోకాలు, తుంటి అరుగుదలకు నీళ్ళలో చేసే వ్యాయామం మీద 2016లో వచ్చిన కొక్రేన్ సమీక్ష (పరిశోధనలన్నీ కలిపి తూచి చూసేది) కూడా నొప్పిలో కొద్దిపాటి మేలు ఉందని, అది కొంతకాలమే ఉంటుందని చెప్పింది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్నట్టు వ్యాయామానికి ఇది తోడు, దానికి బదులు కాదు.

కాలు కొత్తగా బెణికితే మొదటి రెండు రోజులు వేడి పెట్టొద్దు, వాపు పెరుగుతుంది. కీలు ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతుంటే అప్పుడూ వద్దు. అది గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ళజబ్బు) కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, చూపించుకోండి.

నెలసరి నొప్పికి మాత్రం వేడి బాగా పనిచేస్తుంది. 39 డిగ్రీల వేడిపట్టీని పొత్తికడుపు మీద ఉంచితే ఐబుప్రొఫెన్ మాత్రతో సమానంగా నొప్పి తగ్గిందని 2001లో వచ్చిన ఒక పరిశోధన చెబుతోంది. ఆ రోజుల్లో నీళ్ళలో కూర్చోకూడదనడానికి వైద్యపరమైన కారణమేమీ లేదు.

ఎప్సమ్ సాల్ట్ వేయాలా, కల్లుప్పు చాలా? వావిలాకు సంగతేమిటి?

ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. ఇంగ్లండులోని ఎప్సమ్ అనే ఊరి ఊటనీళ్ళలో దొరికింది కాబట్టి ఆ పేరు. చర్మం గుండా మెగ్నీషియం ఒంట్లోకి ఇంకి నొప్పులు పోతాయని ప్యాకెట్ల మీద రాస్తారు. చర్మం ఉన్నదే బయటి వాటిని లోపలికి రానివ్వకుండా ఆపడానికి, అలా చెప్పుకోదగ్గంత ఇంకుతుందనడానికి గట్టి ఆధారం లేదు. నొప్పి తగ్గించేది నీళ్ళ వేడే. ఉప్పు వేసుకుంటే తప్పులేదు, ఖరీదైనది కొనక్కర్లేదు. కాళ్ళ పగుళ్ళున్నవాళ్ళు ఉప్పు మానేయడమే నయం, మంట పుడుతుంది.

వావిలాకు మరిగించిన నీళ్ళు మన పల్లెల్లో ఒంటి నొప్పులకూ బాలింత స్నానానికీ తరతరాలుగా వాడుతున్నదే. ఆ వాసనకే సగం హాయి. దద్దుర్లు రానివాళ్ళు నిక్షేపంగా వేసుకోవచ్చు.

బీపీకీ గుండెకూ మంచిదని చదివాం...

జపాన్‌లో దాదాపు 30 వేల మంది నడివయసు వాళ్ళను ఇరవై ఏళ్ళ పాటు గమనించి 2020లో లెక్కలు ప్రచురించారు. రోజూ టబ్ స్నానం చేసేవాళ్ళకు, వారానికి రెండుసార్లో అంతకంటే తక్కువో చేసేవాళ్ళతో పోలిస్తే, గుండె, రక్తనాళాల జబ్బులు 28 శాతం, పక్షవాతం 26 శాతం తక్కువగా కనిపించాయి. దీన్ని పట్టుకుని టబ్ కొనేయకండి. రోజూ తీరిగ్గా నానే మనిషికి తీరిక ఉంది, టెన్షన్ తక్కువ ఉంది, ఒంట్లో ఓపిక ఉంది. ఆ తేడాలు కూడా ఇందులో కలిసే ఉంటాయి.

దీనికంటే నాకు ఆసక్తిగా అనిపించేది ఒరెగాన్ విశ్వవిద్యాలయం 2016లో చేసిన చిన్న ప్రయోగం. వ్యాయామం చేయని కుర్రవాళ్ళను వారానికి నాలుగైదుసార్లు, ఎనిమిది వారాలు 40.5 డిగ్రీల నీళ్ళలో కూర్చోబెట్టారు. రక్తనాళాల బిరుసు తగ్గింది, రక్తపోటు కొద్దిగా దిగింది. అంటే వేడి తనంత తాను నాళాల మీద పనిచేస్తోంది. కానీ ఇది బీపీ మాత్రలు మానేయడానికి లైసెన్సు కాదు.

మాత్రలు వేసుకునేవాళ్ళకు ఇంకో జాగ్రత్త. మందూ వేడీ రెండూ రక్తపోటును దించేవే. నీళ్ళలోంచి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, కూర్చున్నా ఛాతీనొప్పి వచ్చేవాళ్ళు, గుండె కవాటం బాగా ఇరుకైనవాళ్ళు డాక్టరును అడక్కుండా టబ్‌లో దిగకూడదు. మద్యం తాగి దిగడం ఎవరికీ మంచిది కాదు.

కూర్చుంటేనే కాలరీలు ఖర్చయి బరువు తగ్గుతామట?

ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం వాళ్ళ ప్రయోగం నుంచి వచ్చిన మాట ఇది. 40 డిగ్రీల నీళ్ళలో గంటసేపు కూర్చుంటే దాదాపు 140 కాలరీలు ఖర్చయ్యాయి. అదే గంట సైకిలు తొక్కితే 630. ఆ 140 కోసం గంటసేపు చెమటలు కక్కడం కంటే సాయంత్రం రెండు బజ్జీలు మానేయడం తేలిక. తూకంలో దిగిన బరువు చెమటే, ఒక గ్లాసు నీళ్ళు తాగగానే తిరిగొస్తుంది.

విషపదార్థాలు చెమటలో పోతాయా?

పోవు. ఆ పని కాలేయానిదీ మూత్రపిండాలదీ. అరికాళ్ళ నుంచి విషాలు లాగుతుందని అమ్మే యంత్రాల్లో నీళ్ళు గోధుమరంగుకు తిరగడం కరెంటు వల్ల లోపలి ఇనుము తుప్పు పట్టడమే. కాళ్ళు పెట్టకపోయినా ఆ రంగు వస్తుంది.

షుగర్ ఉన్నవాళ్ళు కాళ్ళు నానబెట్టుకోవచ్చా?

ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

షుగర్ చాలాకాలంగా ఉంటే అరికాళ్ళలో నరాలు దెబ్బతిని స్పర్శ మందగిస్తుంది. నీళ్ళు 40 ఉన్నాయో 50 ఉన్నాయో కాలికి తెలియదు. హాయిగానే ఉందనుకుంటూ పావుగంట కూర్చుంటారు, తీసి చూస్తే బొబ్బలు. ఆ బొబ్బ పుండై, మానక, వేలు తీసేసేదాకా వెళ్ళిన వాళ్ళున్నారు. స్పర్శ బాగానే ఉన్నా, ఎక్కువసేపు నానితే చర్మంలోని సహజమైన జిడ్డు పోయి ఆరిపోతుంది, పగుళ్ళు వస్తాయి, పగుళ్ళలోంచి క్రిములు దూరతాయి. అందుకే షుగర్ డాక్టర్లు కాళ్ళు నానబెట్టొద్దంటారు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు తుడిచి, పాదాలకు కొబ్బరినూనో క్రీమో రాసుకోండి, వేళ్ళ మధ్య మాత్రం రాయొద్దు. నీళ్ళ వేడి ఇంట్లో ఇంకొకరి చేత చూపించండి. మంటలు, తిమ్మిర్లు ఉన్నాయని వేడినీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఎక్కువ. ఆ మంటే నరాలు దెబ్బతిన్నాయనడానికి గుర్తు.

మరి వేడినీళ్ళతో షుగర్ తగ్గిందన్న వార్తో? 1999లో అమెరికాలో ఎనిమిది మంది రోగులను రోజుకు అరగంట చొప్పున, వారానికి ఆరు రోజులు, మూడు వారాలు హాట్‌టబ్‌లో కూర్చోబెడితే, పరగడుపు షుగర్ సగటున 182 నుంచి 159కి దిగింది. ఉన్నది ఎనిమిదే మంది, పోల్చి చూడడానికి మరో జట్టు లేదు. దాన్నిబట్టి మందులు మార్చుకోకూడదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకైతే వేడికి ఇన్సులిన్ రక్తంలోకి తొందరగా చేరి షుగర్ పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

మొలలకు తొట్టిలో కూర్చోమన్నారు. ఎలా?

ఆసుపత్రిలో సిట్జ్ బాత్ అంటారు. కమోడ్ మీద అమర్చుకునే ప్లాస్టిక్ తొట్టి మందుల షాపుల్లో దొరుకుతుంది. లేకపోతే వెడల్పాటి టబ్బు చాలు. 37 నుంచి 40 డిగ్రీల నీళ్ళు, పిరుదులు మునిగేంత. పది పదిహేను నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు, ముఖ్యంగా విరేచనమయ్యాక. బిగుసుకున్న కండరం సడలి నొప్పి తగ్గుతుంది. మొలలకంటే, చీలిక వచ్చి భగ్గుమనే ఫిషర్‌లో ఈ సుఖం బాగా తెలుస్తుంది. డెట్టాల్, పసుపు, పటిక లాంటివి డాక్టరు చెబితే తప్ప వేయొద్దు. లేచాక రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోండి.

ప్రకృతి చికిత్సలో చెప్పే కటి స్నానం దీనిలాగే కనిపిస్తుంది కానీ లూయీ కూనే అనే జర్మన్ నేర్పిన ఆ పద్ధతి చన్నీళ్ళది. రెండింటినీ కలిపేసి గందరగోళపడొద్దు.

గర్భిణులు, బాలింతలు?

గర్భిణి ఒంటి వేడి 39 దాటకూడదు. మొదటి మూడు నెలల్లో అలా దాటితే బిడ్డ వెన్నుపూస, మెదడు ఏర్పడడంలో లోపాలొచ్చే ప్రమాదం పెరుగుతుంది. అందుకే హాట్‌టబ్, ఆవిరిగది వద్దు. 37 దగ్గరి గోరువెచ్చని నీళ్ళలో కాసేపు కూర్చోవడంలో తప్పులేదు, నడుం నొప్పికి హాయి కూడా. పురిటి నొప్పులు మొదలయ్యాక తొలి దశలో నీళ్ళలో ఉంచితే వెన్నులోకి ఇచ్చే మత్తు ఇంజక్షన్ల అవసరం కాస్త తగ్గుతోందని 2018 నాటి కొక్రేన్ సమీక్షలో ఉంది. అది ఆసుపత్రిలో, చూసుకునే మనుషులుండగా చేసే పని.

బాలింతకు నడుం మీద సలసల కాగే నీళ్ళు కొట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. వెచ్చదనం మంచిదే. ఒళ్ళు కమిలేంత వేడి వల్ల అదనంగా వచ్చేదేమీ లేదు. సిజేరియన్ అయితే కుట్టు మానేదాకా టబ్‌లో నానడం ఆపాలి.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. మావారు రోజూ హాట్‌టబ్‌లో కూర్చుంటారు...

ఆపమనండి. వృషణాలు ఒంటికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగా తయారవుతాయి. రోజూ వేడినీళ్ళలో కూర్చుంటే సంఖ్య, కదలిక తగ్గుతాయి. చాలామందిలో మానేస్తే మళ్ళీ పెరుగుతాయి కానీ ఒక విడత తయారీకి రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి కనీసం మూడు నెలలు చూడాలి. మగ్గుతో మామూలు వేన్నీళ్ళ స్నానానికి ఈ భయం అక్కర్లేదు.

అమ్మానాన్నలకు టబ్ స్నానం సురక్షితమేనా?

నానడంలో ఆరితేరిన జపాన్‌లోనే ఏటా దాదాపు ఐదు వేల మంది పెద్దవాళ్ళు ఇంటి టబ్బుల్లో మునిగి చనిపోతున్నారు, ఎక్కువగా చలికాలంలో. చల్లటి గదిలో బట్టలు విప్పగానే బీపీ పెరుగుతుంది, వేడినీళ్ళలో దిగగానే పడిపోతుంది, స్పృహ తప్పుతుంది. అక్కడి ప్రభుత్వం చెప్పే సలహా: నీళ్ళు 41 డిగ్రీలు మించకూడదు, పది నిమిషాలు మించకూడదు, ముందు గదిని వెచ్చబరచుకోవాలి, ఇంట్లోవాళ్ళకు చెప్పి దిగాలి. మన పెద్దవాళ్ళు విదేశాల్లో టబ్ వాడేటప్పుడు ఇవన్నీ పాటించాలి. గొళ్ళెం పెట్టొద్దు. లేచే ముందు నీళ్ళు వదిలేసి, ఒక నిమిషం అలాగే కూర్చుని, గోడకున్న పట్టీ పట్టుకుని లేవాలి. పట్టీ లేకపోతే అసలు టబ్ వద్దు, కుర్చీలో కూర్చుని కాళ్ళు బకెట్టులో పెట్టుకోవడం మేలు.

ఎంతసేపు? తిన్నాక నానవచ్చా? జ్వరంలో?

పది నుంచి ఇరవై నిమిషాలు. తల దిమ్ముగా అనిపిస్తే అప్పుడే లేవాలి. ముందొక గ్లాసు, తర్వాతొక గ్లాసు నీళ్ళు తాగండి. భోజనమయ్యాక గంట ఆగండి, ప్రమాదమని కాదు, పొట్ట బరువుగా ఉండి వికారం పెడుతుంది. జ్వరం ఉంటే వద్దు, తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటే చాలు.

వేళ్ళు ముడతలు పడతాయెందుకు? చర్మం పాడవుతుందా?

నీళ్ళు పీల్చి ఉబ్బడం వల్ల అనుకుంటాం. నిజానికి నరాలు చేసే పని అది. వేళ్ళ కొసల్లో రక్తనాళాలు ముడుచుకుంటే పైచర్మం లోపలికి లాగినట్టవుతుంది. నరం తెగిన వేలు ఎంత నానినా ముడత పడదు. డాక్టర్లు దీన్ని నరాల పరీక్షగా కూడా వాడారు.

చర్మం మాత్రం ఆరిపోతుంది, ముఖ్యంగా వేడి ఎక్కువైతే. గజ్జి, ఎగ్జిమా ఉన్నవాళ్ళు గోరువెచ్చని నీళ్ళకే పరిమితమై, తుడుచుకోగానే తడి ఆరకముందే క్రీమ్ రాసుకోవాలి.

ఉష్ణగుండాల్లో స్నానం ఎలాంటిది?

భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి. ఒడిశాలో బరంపురం వైపు తప్తపాణి ఉంది. హిమాచల్‌లోని మణికరణ్‌లో నీళ్ళెంత వేడంటే బియ్యం మూటగట్టి ముంచితే అన్నమవుతుంది. కాబట్టి స్నానానికి కట్టిన కుండంలో తప్ప ఊట మొదట్లో దిగకూడదు. గంధకం వాసన వచ్చే నీళ్ళు చర్మానికి మంచిదని నమ్మకం. వేడి వల్ల వచ్చే హాయి ఎలాగూ ఉంటుంది. తల మాత్రం ముంచకండి. వెచ్చని సహజ నీళ్ళలో మెదడును తినే అమీబా ఉండొచ్చు, అది ముక్కులోంచే ఎక్కుతుంది. అరుదైన జబ్బే, కానీ వస్తే బతికేవాళ్ళు చాలా తక్కువ. ఒంటి మీద పుండ్లుంటే కుండంలో దిగొద్దు, మీకోసమూ పక్కవాళ్ళకోసమూ.

ఖర్చెంత? ఏం కొనాలి?

20 లీటర్ల బకెట్టు నీళ్ళను 25 నుంచి 40కి కాచడానికి యూనిట్‌లో మూడో వంతు కరెంటు. 150 లీటర్ల టబ్బుకు రెండున్నర యూనిట్లు పైనే, పైగా ఆ నీళ్ళన్నీ ట్యాంకర్ నీళ్ళయితే మనసొప్పదు. కాళ్ళకూ నిద్రకూ లోతైన బకెట్టు, నడుముకూ మొలలకూ వెడల్పాటి టబ్బు. అంతకుమించి కొనాల్సిందేమీ లేదు.

నీళ్ళు కాచుకునే దగ్గరే అసలు ప్రమాదం. హీటర్ రాడ్ వాడితే స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, అప్పుడు నీళ్ళు ముట్టుకోండి. గ్యాస్ గీజర్ స్నానాలగది లోపల ఉండకూడదు. తలుపులు మూసి పావుగంట నానుతూ కూర్చుంటే వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ నిండి, కేక వేసే ఓపిక కూడా లేకుండా పడిపోతారు. గీజర్ బయట గోడకు, గాలి తగిలే చోట బిగించి, గొట్టం ద్వారా నీళ్ళు లోపలికి తెచ్చుకోండి. ఇప్పటికే లోపల బిగించి ఉంటే బకెట్టు నిండగానే దాన్ని ఆపేసి, కాసేపు తలుపు తెరిచి ఉంచి, తర్వాతే లోపలికి వెళ్ళండి.